బైకుల్లా రైలుస్టేషను: నాటి కథ, నేటి పునరుద్ధరణ

బొంబాయి నగరమున స్థిరపడిన తెలుగువారిని గూర్చి వ్రాయువారు సాధారణముగా కామాఠిపురముతో ఆరంభింతురు. అది న్యాయమే. ఆ పేటకు పేరే మనవారి వలన వచ్చినది. కాని ఆ పేటకు తూర్పుగా, కాలినడకను పోగల దూరములో నున్న బైకుల్లా రైలుస్టేషనును గూర్చి మన సంచికలలో వ్రాసినవారిని మేము చూడలేదు. ఇది చిన్న లోపము కాదని మా అభిప్రాయము. తెలుగుదేశము నుండి రాతిపనికి, మట్టిపనికి, నేతపనికి బయలుదేరిన వేలకొలది కుటుంబములను ఈ సముద్రతీరమునకు చేర్చిన రైలుదారి యేదో, ఆ దారి తొలి మజిలీలలో బైకుల్లా యొకటి. 2022వ సంవత్సరమున ఈ స్టేషను కట్టడమును పూర్వరూపమునకు తెచ్చిరి. ఆ సందర్భమును పురస్కరించుకొని దాని పుట్టుపూర్వోత్తరములను ఇచ్చట పొందుపఱచుచున్నాము. 1995 నుండి నగరమునకు ముంబయి యను పేరు స్థిరపడినది గాని, మేము పాత అలవాటు చొప్పున బొంబాయి యనియే వ్రాయుచున్నాము. చదువరులు మన్నింతురు గాక.

ముందుగా పేరు సంగతి. మరాఠీవారు దీనిని భాయఖళా యందురు. భాయా యనగా రేలచెట్టనియు, ఖళా యనగా కళ్లమనియు, రేలచెట్లున్న కళ్లపునేల గనుక ఆ పేరు వచ్చినదనియు కొందఱు చెప్పుదురు. భాయా యను నొక యాసామి ధాన్యపు కళ్లము ఇచ్చట నుండెనని చెప్పువారును కలరు. రెంటిలో ఏది నిజమైనను, మన కళ్లమును వారి ఖళెయు చుట్టములని గ్రహించినప్పుడు మాకు కొంత సంతోషము కలిగినది. అదియే ఇంగ్లీషువారి నోట బైకుల్లా యైనది. ఊళ్ల పేర్లను దొరలు పలికిన తీరు మన రాజమహేంద్రవరము వారికిని విశాఖపట్టణము వారికిని క్రొత్త గాదు.

ఇక రైలు సంగతి. 1840 ప్రాంతమున ఇంగ్లండులోని నూలుమిల్లులకు దూది మిక్కిలి కావలసి యుండెను. ఆ దూది దక్కను నల్లరేగడి నేలలలో పండుచుండెను. ఎద్దుల మీదను బండ్ల మీదను ఘాట్లు దిగి రేవునకు చేరుసరికి అది మన్నును తేమయు పట్టి చెడుచుండెను. కావున రైలు వేయవలెనని ఇటు బొంబాయి వర్తకులును అటు లండను వర్తకులును ఆలోచించిరి. ఇచ్చటి పెద్దలలో జగన్నాథ శంకరశేఠ్, సర్ జంషెట్జీ జీజీభాయి యనువారు ముఖ్యులు. 1849లో పార్లమెంటు చట్టము ద్వారా గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ యేర్పడెను. కంపెనీ పెట్టుబడికి నూటికి అయిదు వంతున వడ్డీ దక్కునట్లు ప్రభుత్వము హామీ యిచ్చెను. రాబడి చాలనియెడల ఆ లోటును హిందూదేశపు ఖజానా నుండి పూడ్చవలెను. బ్రతుకంతయు లెక్కల పుస్తకములతో గడపిన మాకు ఈ షరతు చదివినప్పుడెల్ల ఆశ్చర్యము కలుగును. నష్టము శిస్తు కట్టు రైతుది, లాభము వాటాదారునిది! ఇట్టి ఖాతాను ఏ షావుకారును వ్రాయనీయడు. అయినను రైలు మాత్రము వచ్చినది.

1852లో మొట్టమొదటి యింజను పని చేసినది ఈ బైకుల్లా ప్రాంతముననే. కట్టుబడి సామానుల బండ్లను ఇటునటు లాగుటకై తెచ్చిన ఆ యింజనుకు నాటి గవర్నరు లార్డు ఫాక్లండు పేరు పెట్టిరి. మఱుసటి యేడు, అనగా 1853 ఏప్రిల్ 16వ తేది శనివారమునాడు, బోరీ బందరు నుండి ఠాణాకు ప్రయాణికుల తొలి బండి నడచెను. దూరము 21 మైళ్లు. పదునాలుగు పెట్టెలు, సుమారు నాలుగువందల మంది ఆహూతులు, సాహిబ్, సింధ్, సుల్తాన్ అను మూడు ఇంజనులు, ఇరువదియొక్క ఫిరంగుల మర్యాద – ఇట్టి వైభవముతో ఆ బండి బైకుల్లా మీదుగా పోయెను. ఇంజనుకు పేరిచ్చిన గవర్నరుగారు మాత్రము ముందుదినముననే చల్లని కొండలకు వెళ్లిపోయిరట. దేశమున క్రొత్త యుగము పుట్టుచుండగా ఎండకు జడిసి తప్పుకొన్న పెద్దమనిషి!

కట్టిన పనివారిని గూర్చి ఒక మాట చెప్పవలెను. చీఫ్ ఇంజనీరు జేమ్స్ బర్క్లీ పేరు చరిత్రలో నిలిచినది. పారతోను గంపతోను కట్టపోసినవారి పేర్లు ఏ దస్తరమునను ఎక్కవు. అయినను వారెట్టివారో తెలియకపోలేదు. నైజాము ఇలాకా నుండి వచ్చిన మన తెలుగు పనివారు పదునెనిమిదవ శతాబ్దము చివరనే ఈ ద్వీపమున నిలిచిరి. సముద్రపు పోటునీరు చొరకుండ కట్ట వేసిన పిమ్మట వెలువడిన పల్లపునేలలలో వారు గుడిసెలు వేసికొన్నచోటే కామాఠిపురము. కామాఠీ లనగా బొంబాయివారి వాడుకలో తాపీపని, మట్టిపని, కూలిపని చేయు తెలుగువారు. అనగా రైలు వచ్చుటకు అరువది యేండ్ల ముందే మనవారిచ్చట నున్నారు. ఇక వడ్డెరల మాట చెప్పనక్కఱలేదు. చెరువుకట్టయైనను, బాటయైనను, రైలుకట్టయైనను దక్కను దేశమంతట మట్టి కదలినచోటనెల్ల వారి పార యుండెడిది. వారు ఇంటిలో మాటలాడుకొన్నది తెలుగే.

తొలుత బైకుల్లాలో నుండినది కొయ్యతో కట్టిన చిన్న మజిలీ. నేడు మనము చూచు రాతికట్టడము 1857లో ముగిసినది. ఉత్తరదేశమున సిపాయిల తిరుగుబాటు చెలరేగిన సంవత్సరమే యది. రాతిగోడలు, కమానులు, ఇనుప స్తంభములు, కొయ్య కిటికీలు. అంతకు మించిన ఆర్భాటము దానిలో లేదు. 1878లో పని మొదలై 1888లో ముగిసిన విక్టోరియా టెర్మినసు వలె ఇది చూపరులను నిలువబెట్టదు. అది ఫ్రెడరిక్ స్టీవెన్సు కట్టిన రాజభవనము. ఇది గృహస్థుని యిల్లు. కాని వయస్సులో ఆ రాజభవనముకంటె ముప్పదియేండ్లు పెద్దది.

ఇచ్చట ఒక తగవును ప్రస్తావింపవలసి యున్నది. భారతదేశమున మిగిలియున్న రైలుస్టేషను కట్టడములలో మిక్కిలి పాతది బైకుల్లాయే యని ఇచ్చటి పత్రికలు వ్రాయుచుండును. చెన్నపట్టణపు సోదరులు దీనిని ఒప్పుకొనరు, ఒప్పుకొననక్కఱయు లేదు. రాయపురము స్టేషనును 1856 జూన్ 28వ తేదిన గవర్నరు లార్డు హారిస్ ప్రారంభించెను. జులై 1వ తేది నుండి అచ్చటినుండి ఆర్కాటు వైపు బండ్లు నడచెను. ఆ కట్టడము నేటికిని నిలిచియున్నది. కావున కట్టడము మాట వచ్చినప్పుడు పెద్దఱికము రాయపురమునకే చెల్లును. రైలు ఆగిన స్థలము మాట వచ్చినప్పుడు బైకుల్లా మూడేండ్లు పెద్దది. రెండూళ్లలోను తెలుగువారు తరతరములుగా నున్నారు గనుక, మేమీ తగవులో ఎవరి పక్షమును వహింపము. పైగా ఈ రెండు స్టేషనులకును నడుమ సంబంధమును కుదిర్చినది తెలుగు నేలయే. ఇచ్చటి కంపెనీ దారి పూనా, షోలాపూరుల మీదుగా దిగివచ్చెను. మద్రాసు కంపెనీ దారి రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదవానుల మీదుగా ఎక్కివచ్చెను. 1871లో రెండును రాయచూరు వద్ద కలిసికొన్నవి. నాటినుండి బొంబాయి మద్రాసులకు నడుమ రాకపోకలు రాయలసీమ గుండెలమీదుగా సాగినవి.

మనవారి వలసకు ఈ దారియే కాలువ యైనది. రైలు షోలాపూరును 1860లో చేరినది. అప్పటికింకను బోర్‌ఘాట్ కొండ నడుమ అడ్డముగా నుండెను. దానిని తొలిచి దారి తీయుటకు ఏడెనిమిదేండ్లు పట్టినది. కలరావలనను, ప్రేలుళ్లవలనను, జారిపడుటవలనను అచ్చట వేలకొలది కూలీలు ప్రాణములు విడిచిరి. 1863లో ఘాటు తెఱచిరి. 1874లో వాడి నుండి సికిందరాబాదునకు నైజామువారి రైలు నడచెను. ఇంకేమున్నది? కరీంనగరము, నల్లగొండ, పాలమూరు, ఇందూరు ప్రాంతములవారు సికిందరాబాదులో బండి యెక్కి వాడిలో మాఱి బొంబాయి చేరుట సాధ్యమైనది. 1876 మొదలు రెండు మూడేండ్లు దక్కనును పీడించిన కఱవు ఈ రాకను ఇంకను హెచ్చించినది. 1877లో షోలాపూరున నూలుమిల్లు వెలసినది. పద్మశాలి కుటుంబములు కొన్ని అచ్చటనే దిగిపోయినవి, కొన్ని బొంబాయి గిర్నీలకు వచ్చినవి, తరువాతి కాలమున కొన్ని భివండి మగ్గములకు పోయినవి. నేడు షోలాపూరు వీథులలో తెలుగు వినబడుటకును, వర్లీ చాళ్లలో బతుకమ్మ పాట వినబడుటకును మూలమొక్కటే, ఆ యినుపదారి.

వచ్చినవారందఱును కూలీలుగానే మిగిలిపోలేదు. మేస్త్రీలై, గుత్తేదారులై, ధనవంతులైనవారు కలరు. 1873లో మహాత్మా జ్యోతిరావు ఫూలే పూనాలో సత్యశోధక సమాజమును స్థాపించినప్పుడు, బొంబాయిలో దానిని మోసి నిలిపినవారిలో మన తెలుగు గుత్తేదారులు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కరాడీ లింగు, వ్యంకు బాళాజీ యను పేర్లు ఆ యుద్యమ చరిత్రలో కనబడును. సమాజమునకు అచ్చుయంత్రము కొనుటకు సొమ్మిచ్చినది మనవారే. మహారాష్ట్రమున చదువుకొన్న పెద్దలకు ఈ సంగతి తెలియును. మన పిల్లలకే తెలియదు.

స్టేషను చుట్టునున్న పేట కూడ ఈలోపల మాఱిపోయినది. తొలినాళ్లలో బైకుల్లా దొరల విడిది. వారి క్లబ్బు, గుఱ్ఱపు పందెముల మైదానము, తోటల నడుమ బంగళాలు అచ్చట నుండెడివి. 1862లో విక్టోరియా తోట తెఱచిరి. అదియే నేటి రాణీబాగు. 1872లో దాని ప్రక్కనే మ్యూజియము వెలసినది. దానికి తరువాత డాక్టరు భావూ దాజీ లాడ్ పేరు పెట్టిరి. గిర్నీల పొగగొట్టములు లేచినకొలది దొరలు మలబారు కొండవైపు తరలిపోయిరి. బంగళాల స్థానమున చాళ్లు వచ్చినవి. ఒక్కొక్క గదిలో పదిమంది, మఱియొక పదిమంది వంతులవారీగా నిద్ర. గిర్నీ భోంగా మ్రోగు వేళకు స్టేషను మెట్లమీద మనుష్యుల వెల్లువ. 1925 ఫిబ్రవరి 3వ తేదిన విక్టోరియా టెర్మినసు కుర్లాల నడుమ హార్బరు దారిలో దేశమున తొలి విద్యుత్తు బండి నడచెను. కొలదికాలమునకే బైకుల్లా దారికిని విద్యుత్తు వచ్చినది. ఆనాటినుండి ఇది దూరప్రయాణముల స్టేషనుగాక, దినదినము పోయి వచ్చు ఉద్యోగుల స్టేషనైనది.

మేమును అట్టివారిలో ఒకరము. ముప్పదియేండ్లకు పైగా ఉదయము ఇచ్చట దిగి, ఒక కచేరిలో గుమాస్తాగిరి చేసి, సాయంకాలము ఇచ్చటనే లోకల్ బండి యెక్కితిమి. మేము క్రొత్తగా ఉద్యోగమున చేరిన రోజులలో, అనగా 1982 జనవరి 18న, దత్తా సామంత్ నాయకత్వమున గిర్నీ కార్మికుల సమ్మె మొదలైనది. రెండున్నర లక్షలమంది పని మానిరి. తొలి వారములలో స్టేషనులో ఎఱ్ఱజెండాలు, నినాదములు. ఏడాది గడచుసరికి భోంగాలును లేవు, నినాదములును లేవు. మా పెట్టెలో ఎదురుగా కూర్చుండెడి తెలుగు నేతగాండ్రు ఒక్కరొక్కరే కనబడకుండ పోయిరి. కొందఱు సిరిసిల్లకు మఱలిరి, కొందఱు భివండికి పోయిరి, కొందఱు కావలివాండ్రైరి. గిర్నీలు పడగొట్టినచోట నేడు ఆకాశమును తాకు మేడలున్నవి. ఆ కాలమునుండి చెక్కుచెదరక మిగిలినది ఈ స్టేషనొక్కటియే.

చెక్కుచెదరక యంటిమి గాని, దాని రూపు మాత్రము ఎంతయు చెడియుండెను. రాతిగోడలమీద ఏటేట రంగులు పూసిరి. ఒక రంగుమీద మఱియొక రంగు, అది పొలుసులు లేచినపుడు దానిమీద ఇంకొకటి. రాయి గాలి పీల్చవలెనని మన పల్లెటూరి తాపీమేస్త్రీకి తెలియును. రంగు పూసిన రాతిలో తేమ చిక్కుకొని లోలోపల తినివేయును. గోడలనిండ తీగలు, గొట్టములు, ఏసీ యంత్రములు, తగరపు బోర్డులు. కమానుల మూలల తమలపాకు ఉమ్ములు. అన్నియేండ్లు దాని నీడను నడచియు, అది రాతికట్టడమను సంగతి మా తోడి ప్రయాణికులలో చాలమందికి స్ఫురింపనే లేదు.

పునరుద్ధరణమునకు పూనుకొన్నది ఐ లవ్ ముంబయి యను స్వచ్ఛంద సంస్థ. బజాజ్ కుటుంబమువారి ధర్మనిధి ద్రవ్యసాయము చేసినది. పాత కట్టడముల నిర్మాణశాస్త్రమున పేరుపొందిన అభా నారాయణ్ లాంబా పనికి దారి చూపినది. రంగుల పొరలను వలిచి రాతిని వెలికిదీసిరి. తీగలను గొట్టములను మఱుగుపఱచిరి. ఇనుపపనిని, కిటికీలను, తలుపులను పాతవాని మాదిరిని బాగుచేసిరి. వ్రాయుటకు ఇది నాలుగు వాక్యములు. చేయుటకు మూడేండ్లు పట్టినది. ఈ స్టేషనుకు తాళము వేయు వేళ లేదు. అర్ధరాత్రి దాటిన పిమ్మట రెండు మూడు గంటలు మాత్రము బండ్లు నిలుచును. తక్కిన కాలమంతయు జనప్రవాహము నడుమనే సారువ కట్టి పని చేయవలెను. అందులో 2020 మార్చిలో కరోనా వచ్చి సామాన్య ప్రయాణికులకు లోకల్ బండ్లే ఆగిపోయినవి, పనివారును ఊళ్లకు పోయిరి. తుదకు 2022 ఏప్రిల్ 29వ తేదిన పునరుద్ధరింపబడిన కట్టడమును ప్రజలకు అంకితము చేసిరి.

ఆ సంవత్సరముననే యునెస్కోవారు ఆసియా పసిఫిక్ ప్రాంతమున పాత కట్టడముల సంరక్షణకై యిచ్చు పురస్కారములలో బైకుల్లాకు మెరిట్ పురస్కారము లభించినది. చదువరులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. అదే పట్టికలో గోలకొండ మెట్లబావులును, కామారెడ్డి దగ్గఱి దోమకొండ కోటయు ఉన్నవి. దోమకొండ వైపు పల్లెల నుండి బొంబాయికి వచ్చినవారు మన సంఘములలో ఎందఱో కలరు. వారు విడిచివచ్చిన యూరి కోటయు, వారు ప్రతిదినమును దిగు స్టేషనును ఒకే పట్టిక కెక్కుట మాకు ముచ్చట గొలిపినది.

అయితే ఈ పనిని అందఱును మెచ్చలేదు. మా మిత్రులలో ఒకరు, జీవితకాలపు సీజను టికెట్టుదారు, సూటిగనే అడిగిరి: బండ్ల తలుపులకు వ్రేలాడి జనులు పడి చచ్చుచుండగా రాళ్లకు స్నానము చేయించుట యెందులకని. ఆ ప్రశ్నను త్రోసిపుచ్చుటకు వీలులేదు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను కాలివంతెన మీద తొక్కిసలాటలో 23 మంది ప్రాణములు కోల్పోయిరి. అది పశ్చిమ రైల్వే స్టేషను, బైకుల్లాకు దూరము గాదు. ఆ మెట్లవంటి మెట్లనే మేమందఱమును ఎక్కినవారము. మాకు తోచిన సమాధానమిది. ఈ కట్టడముపై వెచ్చించినది దాతల సొమ్ము. దానిని ఆపియుంచినంతమాత్రమున ఒక్క వంతెనయైనను వెడల్పు కాదు. వంతెనలు రైల్వేవారి బాధ్యత, దానిని వారు తప్పించుకొనరాదు. ఇంకొకటి. చిందరవందరగా వ్రేలాడు తీగలును, దారి కడ్డమైన బోర్డులును తీసివేసినపుడు అందము మాత్రమే కాదు, నడచుటకు చోటును, గాలియు కూడ చేకూరినవి. మిత్రుడు దీనికి తల యూపెనే గాని పూర్తిగా ఒప్పుకొన్నాడని చెప్పజాలము.

మాకున్న దిగులు వేఱొకటి. స్టేషను నిలిచినది, దానిని కట్టిన జనుల పేట నిలుచునా? కామాఠిపురపు గల్లీలను పడగొట్టి ఎత్తైన మేడలు కట్టుటకు ప్రభుత్వము పూనుకొన్నది. అచ్చటి పాత చాళ్లు శిథిలములు, వర్షకాలమున ప్రాణాంతకములు. వానిలో నున్నవారికి మంచి యిండ్లు రావలసినదే, దానికి మేము అడ్డు చెప్పువారము కాము. కాని ఆ గదుల అటకల మీద తాతలనాటి గుత్తపు కాగితములు, తెలుగున వ్రాసిన కూలిలెక్కల పుస్తకములు, ఊరినుండి వచ్చిన కార్డులు, పాత సీజను టికెట్లు ఇంకను ఉన్నవి. యునెస్కో పురస్కారము వానికి రాదు. ఇల్లు ఖాళీ చేయునాడు అవి చిత్తుకాగితముల వానికి తూకమున పోవును. ఇట్టివి ఎవరియింట నున్నను, పాఱవేయుటకు ముందు తమ యూరి తెలుగు సంఘము కార్యదర్శికి ఒకసారి చూపవలెనని కోరుచున్నాము. నకలు తీసి అసలును మఱల ఇచ్చివేయవచ్చును.

పొరుగు రాష్ట్రములనుండి బొంబాయికి వచ్చు మనవారు ఈ స్టేషనును చూడదలచినచో ఆదివారము ఉదయము మంచిది. రద్దీ తక్కువ, నిలిచి తలయెత్తి చూచుటకు వీలుండును. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినసులో నెమ్మదిబండి యెక్కవలెను. అచ్చటినుండి బైకుల్లా నాలుగవ స్టేషను: మస్జిద్, సాండ్‌హర్స్ట్ రోడ్డు, తరువాత బైకుల్లా – ఎక్కిన స్టేషనును కలిపి లెక్కించినచో నాలుగు. పిల్లలు వెంట నున్నచో తూర్పువైపు దిగి రాణీబాగునకు నడచి పోవచ్చును. బుధవారమునాడు మాత్రము తోటకు సెలవు.